నాలుగో బదిలీ కూడా తిరిగొచ్చింది

మార్చి 10, పర్లాకిమిడి

విమానసంస్థ మైళ్లుగా మార్చుకుందామని పంపిన 5,000 క్రెడిట్ కార్డు పాయింట్లు ఈ ఉదయం 11 గంటలకు నా కార్డు ఖాతాలోకి తిరిగొచ్చాయి. ఇది నాలుగోసారి. పాయింట్లు చేతిలో ఉండి, సీటు కళ్లకు కనిపించి, పన్నులకు డబ్బు పక్కన పెట్టుకున్నాక కూడా, నా పేరును ఇంగ్లీషులో ఎవరు ఎలా రాశారన్న దాని మీద ఫస్ట్ క్లాసు ప్రయాణం ఆగిపోతుందని జనవరిలో ఎవరైనా చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేవాణ్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు కాబట్టి జరిగినదంతా తేదీలతో సహా రాసి పెడుతున్నాను. ఆ బ్యాంకు పేరు, ఆ విమానసంస్థ పేరు ఇక్కడ అనవసరం.

ముందుగా, కుదిరిన పని ఒకటి చెప్పి పక్కన పెడతాను. ఫిబ్రవరిలో మహారాజా క్లబ్ పాయింట్లతో విశాఖ నుంచి ఢిల్లీకి ఎయిర్ ఇండియా బిజినెస్ క్లాసు దొరికింది, హాయిగా వెళ్లి వచ్చాను.

ఇక కుదరని పని. జనవరి 10 రాత్రి, అక్టోబరు మొదటి వారంలో ముంబై నుంచి ఐరోపాకు ఒకే విమానంలో రెండు ఫస్ట్ క్లాసు సీట్లు కనిపించాయి. రెండింటికీ కలిపి నాకు 40,000 మైళ్లు తక్కువ. 11వ తేదీ రాత్రి 9.40కి బ్యాంకు పేజీలో బదిలీ నొక్కాను. ఆ రోజు నుంచి ఉదయం 6 గంటలకూ రాత్రి 10 గంటలకూ సీట్లు చూస్తూ వచ్చాను. 12న రెండు పూటలా ఉన్నాయి, 13న రెండు పూటలా ఉన్నాయి, 14 ఉదయానికి ఒక్కటీ లేదు. మైళ్లు మాత్రం రాలేదు. 16వ తేదీన పాయింట్లే వెనక్కు వచ్చాయి, సభ్యుని వివరాలు సరిపోలలేదన్న ఒకే ఒక్క వాక్యంతో.

ఏ వివరాలు సరిపోలలేదో తెలుసుకోవడానికి నా పేరు ఎక్కడెక్కడ ఎలా ఉందో ఒక కాగితం మీద వేసుకున్నాను. మా ఇంటిపేరు ఇంగ్లీషులో 8 అక్షరాలు, వెంకట 7, సత్యనారాయణ 13, మధ్య ఖాళీలు రెండు, వెరసి 30. నేను చదివింది ఇక్కడి ఒడియా మాధ్యమం బడిలో. ఒడియాలో మన 'వ'కూ 'బ'కూ సాధారణంగా ఒకే అక్షరం వాడతారు, పలికేటప్పుడు అది 'బ' అవుతుంది, చివరి అకారం ఇంగ్లీషు రాతలో చాలాసార్లు జారిపోతుంది. అందువల్ల బడి రికార్డులో నేను బెంకట సత్యనారాయణ్. ఆ రికార్డు నుంచే మెట్రిక్ సర్టిఫికెట్టు వచ్చింది, ఆ సర్టిఫికెట్టును జతచేసే పాస్‌పోర్టు తీసుకున్నాను. పాన్ కార్డు మాత్రం తరవాత శ్రీకాకుళంలో ఉద్యోగం చేసే రోజుల్లో తీసుకున్నది కాబట్టి అందులో శుద్ధమైన వెంకట సత్యనారాయణ ఉంది. బ్యాంకు పాన్‌ను అనుసరించింది, విమానసంస్థ ఖాతాను నేను పాస్‌పోర్టును బట్టి తెరిచాను. అలా తెరవక తప్పదు, ఎందుకంటే టికెట్టు మీద ముందు ఇంటిపేరు, తరవాత ఏటవాలు గీత, ఆ పైన మిగతా పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే పడాలి.

కార్డు మీదేమో ఇంటిపేరు పొడి అక్షరం, ఆ తరవాత 'వి', ఆ తరవాత సత్యనారాయణ. మన వైపు అందరూ రాసే పద్ధతే. ఆ పద్ధతే ముంచిందని మొదట అనుకున్నాను.

రెండో ప్రయత్నానికి కార్డు మీద పూర్తి పేరు అచ్చు వేయమని బ్యాంకుకు రాశాను. ఫిబ్రవరి 3న కార్డు కొరియర్‌లో వచ్చింది. దాని మీద పేరుకు 19 అక్షరాలే పడతాయన్న సంగతి కవరు విప్పాక గాని తెలియలేదు. ఇంటిపేరు 8, ఖాళీ 1, వెంకట 7, మళ్లీ ఖాళీ 1, ఇవి పోగా రెండే మిగిలాయి. అందుకని సత్యనారాయణలోంచి మొదటి 'స' వరకు అచ్చు వేసి అక్కడితో ఆపేశారు. ఆ కార్డును మా ఆవిడకు చూపిస్తే, సత్యం మీలో ఆ మాత్రమే మిగిలిందన్న మాట అన్నది. మర్నాడు 5,000 పాయింట్లు పంపాను, 9వ తేదీన తిరిగొచ్చాయి. పరీక్షలకు ఇక 5,000 చొప్పునే పంపాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. ఎందుకంటే బదిలీ విఫలమైనా రుసుము వెనక్కు రాదు. రూ. 200, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి ఒక్కో ప్రయత్నానికి రూ. 236, నాలుగింటికీ రూ. 944 సమర్పించుకున్నాను.

మూడో ప్రయత్నంలో కార్డు జోలికి పోలేదు. బదిలీ పేజీలో సభ్యుని పేరు టైపు చేసే గడి ఒకటి ఉంటుంది. అంతకుముందు రెండుసార్లూ అక్కడ పాస్‌పోర్టు పేరు కొట్టాను, ఈసారి కార్డు మీద ఉన్నట్టే కొట్టాను. ఫిబ్రవరి 12న పంపినవి 17న వెనక్కు వచ్చాయి. మూడుసార్లూ సరిగ్గా ఐదేసి రోజులు. దీన్నిబట్టి ఆ గడిలో మనం ఏం రాసినా ఎవరూ పట్టించుకోరని, బ్యాంకు తన రికార్డులోని పేరునే అవతలికి పంపుతోందని నాకు గట్టిగా అనిపించింది.

ఆ తరవాత జరిగినది ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఆసక్తికరం. మా ఆవిడ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, ఉన్నది ఒక్క పేరే. ఆమె విమానసంస్థ ఖాతా తెరిచేటప్పుడు రెండు గడులూ తప్పనిసరి అన్నందుకు అదే పేరును రెండుసార్లు కొట్టాం. ఆమె కార్డు మీద నా ఇంటిపేరు పొడి అక్షరం, పక్కన ఆమె పేరు ఉన్నాయి. ఏ విధంగా చూసినా నాకంటే ఘోరంగా ఉన్న కేసు. ఫిబ్రవరి 20న ఆమె కార్డు నుంచి 5,000 పాయింట్లు పంపితే 26 గంటల్లో మైళ్లు పడ్డాయి.

ఇక్కడే నా ఊహ పుట్టింది. సరిచూసే యంత్రం కార్డు పేరులోని చివరి మాటను తీసుకుని, అదే ఇంటిపేరు అనుకుని, ఖాతాలోని ఇంటిపేరు గడితో పోలుస్తోంది. ఆమె కార్డులో చివరి మాట ఆమె పేరే, ఖాతాలో ఇంటిపేరు గడిలో ఉన్నదీ అదే, కాబట్టి దాటిపోయింది. నా కార్డులో చివరి మాట సత్యనారాయణ, ఖాతాలోని ఇంటిపేరు మా ఇంటిపేరు, కాబట్టి తగులుకుంది. ఇంటిపేరు ముందు రాసుకునే తెలుగువాళ్లం వెనక రాసుకునే లోకానికి తలకిందులుగా కనిపిస్తున్నాం.

ఊహ సరైనదైతే మందు తేలిక. కార్డు మీద ఇంటిపేరు చివరికి పోవాలి. 'వి', సత్యనారాయణ, ఇంటిపేరు వరసగా వేస్తే ఖాళీలతో 24 అక్షరాలు, పట్టవు. 'వి', 'ఎస్', ఇంటిపేరు అంటే 12, పడుతుంది. మళ్లీ దరఖాస్తు పెట్టాను. ఫోనులో మాట్లాడిన అధికారిణి ఓపికగానే, "మీ పేరు ఇంకెన్నిసార్లు మారుస్తారండీ?" అని అడిగింది. మార్చి 6న కార్డు వచ్చింది, 7న ఉదయం 8.15కి పంపాను, ఈ ఉదయం తిరిగొచ్చాయి.

అయితే ఈసారి ఐదు రోజులు పట్టలేదు, 75 గంటలకే వచ్చేశాయి. ఈ తేడాను నేను తేలికగా తీసుకోవడం లేదు. వేరే సమయంలో తిరిగొచ్చిందంటే వేరే మెట్టు మీద ఆగి ఉండాలి. ఇంటిపేరు పరీక్ష దాటి, ఆ తరవాతి మొదటి అక్షరం పరీక్షలో, కార్డు 'వి' అంటుంటే ఖాతా 'బి' అంటున్నందుకు తగులుకుందన్నది నా మొదటి అనుమానం. లేదా తొమ్మిది వారాలు కూడా తిరక్కుండానే రెండు కార్డులు మారినందువల్ల, పేరు ఇన్నిసార్లు మారిన ఖాతాను ఎవరో మనిషే పక్కకు తీసి పెట్టి ఉండవచ్చు. నా మనసు మొదటిదాని వైపే మొగ్గుతోంది.

'వి'ని 'బి' చేయడం చెప్పినంత సులభం కాదు. పాన్ సవరణకు సుమారు నూరు రూపాయలు చాలు, కాని పాన్ ఆధార్‌తో కలవాలి, ఆధార్‌లో పేరును జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, నేను ఒకసారి వాడేశాను. పాస్‌పోర్టునే పాన్‌కు తగ్గట్టు మార్చాలంటే ఆ 'బి' మూలం మెట్రిక్ సర్టిఫికెట్టులో ఉంది, దానికోసం కటక్‌లోని సెకండరీ బోర్డు మెట్లెక్కాలి. విమానం సీటు కోసం నలభై ఏళ్ల నాటి ఒడియా మాస్టారి చేతిరాతను దిద్దించడానికి కటక్ వెళ్లడమా అని మా ఆవిడ అడిగింది. ఆ ప్రశ్నకు ఇంకా జవాబు చెప్పలేదు.

మార్చి 13

పేరు సంగతి తేలే వరకు ఏ సీటుకు గురిపెట్టాలో మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను. భాగస్వామి సంస్థల సభ్యులకు లుఫ్తాన్సా ఫస్ట్ క్లాసు సాధారణంగా ప్రయాణానికి పక్షం రోజుల ముందు గాని తెరుచుకోదు. విఫలం కావడానికే ఐదు రోజులు తీసుకునే బదిలీతో దాని వెంటపడడం వృథా, మైళ్లు ముందే ఖాతాలో ఉండాలి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ తన ఎ380 విమానాల్లోని ఫస్ట్ క్లాసు సూట్లను తన సొంత మైళ్ల పథకం క్రిస్‌ఫ్లయర్ సభ్యులకే అట్టిపెట్టుకుంటుంది, ఆ మైళ్లకు 36 నెలల గడువు. ఎమిరేట్స్ 2025లో మైళ్లతో ఇచ్చే ఫస్ట్ క్లాసు సీట్లను సిల్వర్, ఆపై స్థాయి సభ్యులకే పరిమితం చేసింది కాబట్టి నాబోటివాడికి ఆ తలుపు మూసినట్టే. వాళ్ల ఎ380 ఫస్ట్ క్లాసులో షవరు ఉంటుంది గాని, ఆకాశంలో స్నానానికి అన్ని మైళ్లు పోయడం నాకు మొదటి నుంచీ దుబారాగానే కనిపించింది కనుక దిగులు లేదు.

నాకు బాగా నచ్చినది ఎయిర్ కెనడా మైళ్ల పథకం ఏరోప్లాన్. 2020 నవంబరు నుంచి అందులో ఇంధన అదనపు రుసుములు వేయడం లేదు, మరో 5,000 పాయింట్లకు దారిలో ఒక మజిలీ కూడా ఇస్తారు. ఎయిర్ కెనడా ఉన్న స్టార్ అలయన్స్ కూటమి సీట్లు వెతకడానికి మాత్రం 30 రోజులు ఒకేసారి చూపించే యునైటెడ్ ఎయిర్‌లైన్స్ క్యాలెండరే నాకు అలవాటు.

పాయింట్లను బ్యాంకులోనే దాచుకుని అదను చూసి పంపుకోవాలని చెప్పేవారితో నేను పూర్తిగా ఏకీభవించను. 2023 సెప్టెంబరు 1న యాక్సిస్ బ్యాంకు మాగ్నస్ కార్డు బదిలీ రేటు 5 పాయింట్లకు 4 మైళ్ల నుంచి 2 మైళ్లకు పడిపోయినప్పుడు, దాచుకున్నవారి విలువ రాత్రికి రాత్రి సగమైంది. పంపితే గడువు, పంపకపోతే కోత, నాకైతే పంపుదామన్నా దారి లేదు.

మా ఆవిడ ఖాతాలోకి మైళ్లు వెళుతున్నాయి కాబట్టి ఆమె ద్వారానే ఇద్దరికీ సీట్లు తీసుకోవచ్చు. చిక్కల్లా ఆమె ఒంటి పేరు పాస్‌పోర్టు. 2022 నవంబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఒంటి పేరున్నవారిని సందర్శక వీసా మీద రానివ్వబోమని ప్రకటించింది, పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే రానిస్తామని తరవాత సడలించింది కనుక, దుబాయిలో దిగి నాలుగు రోజులు ఉండి వచ్చే ఆలోచనకు ముందు ఆ సంగతి సరిచూసుకోవాలి. ఆమె పాస్‌పోర్టులో ఇంటిపేరు చేరిస్తేనేమో, 26 గంటల్లో పనిచేసిన ఆ ఒక్క దారి కూడా చెడుతుందేమోనని నా భయం.

ఈలోగా కార్డుతో సంబంధం లేని పరీక్ష ఒకటి మిగిలి ఉంది. మారియట్ హోటళ్లలో బస చేసినప్పుడల్లా పోగైన పాయింట్లు నా దగ్గర 41,000 ఉన్నాయి, ఆ ఖాతా పాస్‌పోర్టు పేరుతో, అంటే 'బి'తోనే ఉంది. కనీస బదిలీ 3,000, దానికి 1,000 మైళ్లు వస్తాయి. 60,000 ఒకేసారి పంపితే అదనంగా 5,000 మైళ్లు కలుస్తాయి గాని ఇప్పుడు దాని మీద ఆశ లేదు. ఆ 1,000 పడితే విమానసంస్థ వైపు నా ఖాతాలో తప్పేమీ లేదని, దోషమంతా 'వి'దేనని రూఢి అవుతుంది. అవి కూడా పడకపోతే నేను కట్టుకున్న ఊహలన్నీ తుడిచి మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఇప్పుడే, రాత్రి 9.05కి, పంపాను. ఉదయం 6కూ రాత్రి 10కీ చూసి గంటలు రాసుకుంటాను.