విశాఖ గాలిని తట్టుకునే చెక్క నేల

లాసన్స్ బే కాలనీలో మా ఇంటి నుంచి సముద్రం బాగా దగ్గర. ఇనుప గేటుకు ఏటా రంగు వేయించాలి. డబ్బాలో ఉప్పు పొడిగా ఉండే నెలలు తక్కువ. ఇలాంటి ఇంట్లో చెక్క నేల వేయిస్తానని చెబితే బంధువులు, ఇరుగుపొరుగు, చివరికి టైల్స్ కొట్టు యజమాని కూడా ఒకటే మాట అన్నారు: "ఉబ్బిపోతుందమ్మా, డబ్బు దండగ." నేను ఒప్పుకోలేదు. అమ్మకు డెబ్బై దాటాయి. తెల్లవారుజామున గ్రానైట్ మీద కాలు పెడితే ఆవిడ మోకాళ్ళు పట్టేస్తున్నాయి. ఆవిడ గదిలోనైనా కాళ్ళ కింద చెక్క ఉండాలని పట్టుపట్టాను. పట్టుపట్టాక, చెక్క ఎందుకు ఉబ్బుతుందో అడుగు నుంచి తెలుసుకోవాలనిపించింది.

చెట్టు కొట్టి కోసి ఎండబెట్టాక కూడా చెక్క గాలితో తేమను ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. గదిలో గాలి తేమ 50 శాతం దగ్గర నిలకడగా ఉంటే చెక్కలోని తేమ 9 శాతం దగ్గర ఆగుతుంది. గాలి తేమ 80 శాతమైతే చెక్క దాదాపు 16 శాతానికి చేరుతుంది. పొడవులో మార్పు లెక్కలోకి రానంత తక్కువ, పెరిగేది వెడల్పూ, మందమూ. మామూలు కోతతో తీసిన టేకు పలకలో తేమ ఒక్క శాతం పెరిగితే వెడల్పు సుమారు 0.19 శాతం పెరుగుతుంది. బట్టీలో 8 శాతానికి ఆరబెట్టిన 125 మిల్లీమీటర్ల వెడల్పున్న పలకను తెచ్చి మన ఊళ్ళో పరిస్తే, అది 14 శాతానికి చేరేసరికి వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటరు దాకా పెరుగుతుంది. ఒక పలకకు ఇది ఏమంత కాదు. పన్నెండు అడుగుల గది అంతటా కలిపితే నాలుగు సెంటీమీటర్లు! అంత చోటు గోడలు ఇవ్వవు కాబట్టే పలకలు మధ్యలో పైకి లేస్తాయి. షోరూముల్లో ఎక్కువగా చూపించే ఓక్ అయితే ఇదే తేమకు టేకు కంటే దాదాపు రెండింతలు కదులుతుంది. విశాఖలో గట్టి, అంటే పొరలు అంటించకుండా మొత్తం ఒకే చెక్కగా ఉండే, ఓక్ పలకలు వేయించుకోవాలనుకునేవారు ఈ ఒక్క లెక్క ముందు వేసుకుంటే మంచిది.

ఈ లెక్కల్లోనే నాకు ధైర్యమిచ్చిన సంగతి ఒకటి కనిపించింది. మన తేమ ఎక్కువే గాని, ఢిల్లీలో మే నెల వడగాలికీ జూలై వానలకూ ఉన్నంత తేడా ఇక్కడ ఉండదు. ఏడాది పొడవునా సముద్రపు గాలి ఉంటుంది. చెక్కను ముందే ఈ గాలికి అలవాటు చేసి పరిస్తే తర్వాత అది కదిలేది కొంచెమే. అసలు చేటు ఏసీ గదిలో ఉంది. రాత్రంతా ఏసీ గాలిని ఆరబెడుతుంది, పొద్దున్న కిటికీలు తీయగానే తేమ లోపలికి వస్తుంది. చెక్క రోజూ ఈ ఊగిసలాట భరించాలి. అందుకే ఇల్లంతటికీ ఒకే రకం వేయించాలన్న ఆలోచన మానుకున్నాను. అమ్మకు ఏసీ పడదు, ఫ్యాను చాలు. ఆవిడ గదికి గట్టి టేకు. ఏసీ ఉన్న మా పై గదికి ఇంజినీర్డ్ వుడ్. హాల్లో, వంటింట్లో ఇప్పుడున్న రాయే ఉంటుంది.

ఇంజినీర్డ్ వుడ్‌లో పైన అసలు చెక్క పొర, దాని కింద ఒకదానికొకటి అడ్డంగా అంటించిన ప్లై పొరలు ఉంటాయి. ఒక పొర వెడల్పు కాబోతే పక్క పొర దాన్ని పట్టి ఆపుతుంది. కొనేటప్పుడు పై పొర మందం ఎంతో అడగాలి. మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటేనే తర్వాత ఎప్పుడైనా చిత్రిక పట్టించి మళ్ళీ పాలిష్ వేయించగలం. జిగురు నీటిని తట్టుకునేదో కాదో కూడా అడగాలి. లామినేట్ సంగతి వేరు. చెక్క పొడిని అదిమి చేసిన బోర్డు మీద చెక్క బొమ్మ ముద్రించి ఉంటుంది. అతుకుల్లో నీరు నిలిస్తే అంచులు ఉబ్బుతాయి, ఉబ్బినవి మళ్ళీ దిగవు. ఒక దుకాణంలో దాన్ని వాటర్‌ప్రూఫ్ అని గట్టిగా చెప్పారు. నేను తీసుకోలేదు. సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి చేసే ఎస్‌పీసీ పలకలు నిజంగానే నీటికి చెక్కుచెదరవు. అద్దెకిచ్చే వాటాకైతే నేను అవే వేయిస్తాను. కాని అమ్మ పాదాలకు కావలసింది చెక్క.

టేకు కోసం పాత ఇళ్ళు పడగొట్టిన కలప అమ్మే చోట వెతికాను. ఏళ్ళ తరబడి ఈ ఊరి గాలిలోనే ఉన్న దూలాలు కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు. మా వడ్రంగి మేస్త్రి గారు ఒక్కో దూలాన్నీ తట్టి, చివర కొద్దిగా చెక్కి చేవ చూశారు. తెల్లగా ఉన్న భాగం కనిపిస్తే పక్కన పెట్టించారు, చెదలకు మొదట దొరికేది అదే. కోత మిల్లులో నేను రెండు విషయాలు అడిగాను. పలక వెడల్పు 75 మిల్లీమీటర్లకు మించకూడదు, వెడల్పు తక్కువైన పలక తక్కువ కదులుతుంది. పలక పొడవు చివర, అడ్డంగా కోసిన మొన వైపు నుంచి చూస్తే చెట్టు వలయాలు నిలువుగా కనిపించేలా కోయాలి, అలా కోసిన పలక వెడల్పులో మార్పు దాదాపు సగమే. కలప కొంత వృథా అయింది. ఆ ఖర్చుకు నేను బాధపడలేదు.

పలకలను అమ్మ గదిలోనే మధ్య మధ్య రీపర్లు పెట్టి పేర్చి, కిటికీలు తెరిచి ఉంచాం. రెండు సూదులుండే తేమ మీటరుతో వారం వారం చూశాను. అంకె 13 దగ్గర కదలకుండా నిలిచేదాకా మేకు కొట్టనివ్వలేదు.

ఈలోగా నేల సంగతి తేలింది. అమ్మ గది కింది అంతస్తులో ఉంది. సిమెంటు నేల మీద పాలిథిన్ షీటు పరిచి, అంచులన్నీ టేపుతో అంటించి మర్నాడు తీస్తే, బాత్రూమ్ గోడ పక్క మూలలో మాత్రం అడుగున నీటి చుక్కలు కనిపించాయి. గోడలోని పైపు కారుతోంది. అది బాగుచేయించి, నేల పూర్తిగా ఆరనిచ్చి, చెదల మందు కొట్టించి, పైన ఎపాక్సీ పూత వేయించాక గాని ప్లై పరచలేదు. చెక్క నేల పాడైందని చెప్పేవారిలో చాలామంది గాలిని తిడతారు. నా అనుమానం, అందులో చాలావరకు కింద నుంచి వచ్చిన తేమ అని. పరిచిన పలకను గాలి తేమ ముఖ్యంగా పైనుంచి తాకుతుంది. నేల తేమ అడుగునే తాకుతుంది కాబట్టి పలక అంచులు పైకి లేచి మధ్య గుంటపడుతుంది. మీ ఇంట్లో పలకలు అలా దోనెల్లా వంగితే ముందు నేలను అనుమానించండి.

గోడల వెంట 12 మిల్లీమీటర్ల సందు వదలమన్నప్పుడు మేస్త్రి గారికి నచ్చలేదు. "సందు వదిలితే చీమలు పడతాయమ్మా, బిగించేస్తేనే అందం" అన్నారు. "మేస్త్రి గారూ, వానాకాలం అది ఎటు పెరగాలి మరి?" అని నాలుగు సెంటీమీటర్ల లెక్క కాగితం మీద వేసి చూపించాను. ఆయన కాసేపు చూసి, స్కర్టింగును పలకకు కాకుండా గోడకే బిగిస్తానని తనే చెప్పారు. సందు కనబడదు, పలకకూ అడ్డు ఉండదు. స్క్రూలన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాం. మామూలు ఇనుము ఉప్పుగాలికి తుప్పుపట్టి టేకు మీద నల్లని మరకలు తెస్తుంది. పాలిష్ పైన మాత్రమే కాకుండా పలక అడుగునా, అంచులకూ వేయించాం. పూత తేమను పూర్తిగా ఆపదు, నెమ్మదింపజేస్తుంది. రెండు పక్కలా ఒకే వేగంతో తాగితే పలక వంగదు.

కిటికీ కింద మాత్రం అడుగున్నర వెడల్పున గ్రానైట్ అలాగే ఉంచాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు ఈ ఊళ్ళో ఉన్నవారికి కిటికీల నుంచి నీరు లోపలికి ఎలా వస్తుందో చెప్పనక్కరలేదు. అద్దాలు పగలకపోయినా పట్టాల సందుల్లోంచి వానను గాలి తోసుకొచ్చింది. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు గదిని ఆరబెట్టడానికి ఏసీ ఉంటుందని, ఫ్యాను ఉంటుందని అనుకోలేం. ముందుగా నీరు పడే చోట రాయి ఉంటే తుడుచుకునే వ్యవధి దొరుకుతుంది.

ఇంటి పనికి వచ్చే లక్ష్మికి బకెట్టు నీళ్ళతో కడగవద్దని, బాగా పిండిన గుడ్డతో తుడిస్తే చాలని చెప్పాను. పై గది పలకలు వచ్చాయి. పెట్టెల్లోనే ఆ గదిలో ఉంచి, ఏసీని ఎప్పటిలాగే వాడుతున్నాం. సంక్రాంతి తర్వాత మేస్త్రి గారు వచ్చి పని మొదలుపెడతారు.