రోజ్ గోల్డ్ వాచీ రంగు మారుతుందా? ముందు వెనక్కి తిప్పి చూడండి

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. అందుకని పెళ్ళిళ్ళ సీజన్ వచ్చిందంటే స్టాఫ్‌రూమ్‌లో లోహాల గురించిన సందేహాలన్నీ నా టేబుల్ దగ్గరికే వస్తాయి. ఈమధ్య ఎక్కువగా అడుగుతున్నది రోజ్ గోల్డ్ వాచీల గురించి. "మేడమ్, పెళ్ళికూతురికి ఇద్దామనుకుంటున్నాం, కొన్నాళ్ళకి రంగు మారిపోతుందటగా?" అని. నేను వెంటనే అవుననీ చెప్పను, కాదనీ చెప్పను. వాచీ వెనక్కి తిప్పి అక్కడేం రాసుందో చదవమంటాను. రోజ్ గోల్డ్ పేరుతో షాపుల్లో దొరికేవన్నీ ఒక జాతి వస్తువులు కావు. వాటిలో ఒక్కోటి ఒక్కోలా పాతబడుతుంది.

అసలు రోజ్ గోల్డ్ అంటే రాగి కలిపిన బంగారం. స్విస్ వాచీల్లో ఎక్కువగా వాడే 18 క్యారెట్ల మిశ్రమం ఒకటుంది, దాన్ని 5ఎన్ అంటారు. బరువులో నూటికి 75 పాళ్ళు బంగారం, 20.5 రాగి, 4.5 వెండి. ముప్పావు వంతు బంగారమే కదా, ఇంక మారడానికి ఏముంది అనిపిస్తుంది. కానీ నేను పిల్లలకి మోల్ కాన్సెప్ట్ చెప్పేటప్పుడు ఇదే లెక్క చేయిస్తాను. బంగారం పరమాణు భారం 197, రాగిది 63.5. బరువుని పక్కన పెట్టి పరమాణువులు లెక్కపెడితే, ప్రతి వందలో దాదాపు 43 రాగివే. ఈ లెక్క తేలగానే క్లాసులో వెనక బెంచీ కూడా తలెత్తుతుంది. ఆ గులాబీ రంగు ఎక్కణ్ణుంచి వచ్చిందో, కాలం గడిచేకొద్దీ ఎందుకు మారుతుందో రెండింటికీ జవాబు ఆ 43లోనే ఉంది.

బంగారం గాలితో కలవదు. రాగి కలుస్తుంది. ఇంట్లో రాగి బిందె తోమకుండా వదిలేస్తే ఎలా ముదురు రంగుకి తిరుగుతుందో, రోజ్ గోల్డ్ పైపొరలో ఉన్న రాగి కూడా చాలా నెమ్మదిగా, చాలా తక్కువగా అలాగే తిరుగుతుంది. చుట్టూ ఉన్న బంగారం దాన్ని కాపాడుతూ ఉంటుంది కాబట్టి మార్పు ఏళ్ళ మీద తెలుస్తుంది. చెమటలోని ఉప్పు, గాలిలోని గంధకం ఆ పని కాస్త తొందర చేస్తాయి. స్విమ్మింగ్ పూల్ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, అది ఇంకో రకంగా పాడు చేస్తుంది. పైపొరలో రాగిని తినేస్తుంది, దాంతో గులాబీ ఛాయ తగ్గి పసుపు వైపు జరుగుతుంది. 14 క్యారెట్లదైతే బంగారం 58.5 శాతమే, రాగి ఇంకా ఎక్కువ. ఈ మార్పు దానిలో ముందు కనిపిస్తుంది.

పెద్ద కంపెనీలు ఈ సంగతిని దాచలేదు, దాని మీద పనిచేశాయి. రోలెక్స్ 2005లో ఎవరోజ్ అనే మిశ్రమం తెచ్చింది, అందులో కొద్దిగా ప్లాటినం కలుపుతారు. ఒమేగా 2012లో సెడ్నా గోల్డ్ అని తెచ్చింది, దాంట్లో పలాడియం ఉంటుంది. రెండూ రంగు నిలవడం కోసమే. రోజ్ గోల్డ్ మారనే మారదని కౌంటర్ దగ్గర ఎవరైనా ధీమాగా చెప్తే, మరి వీళ్ళకి అంత శ్రమ ఎందుకు పట్టిందో అడగాలి.

మా అత్తగారి దగ్గర ఒక చిన్న కీ వాచీ ఉంది. వాళ్ళ అన్నయ్య కువైట్‌లో పనిచేసేటప్పుడు తెచ్చి ఇచ్చింది. వెనక మూతలో 750 అని ముద్ర ఉంది, అంటే 18 క్యారెట్లు. దాని కేస్ ఇప్పుడు రెండు రంగుల్లో ఉంది. చేతికి, చీర కొంగుకి రాసుకునే అంచులు లేత గులాబీగా మెరుస్తాయి. బెల్టు తగులుకునే కొమ్ముల సందుల్లో మాత్రం ముదురు ఎరుపు దిగింది. మా ఆడపడుచు దాన్ని పాలిష్ చేయిద్దామంటే నేను వద్దన్నాను. పాలిష్ పెట్టిన ప్రతిసారీ కొంత బంగారం అరుగుతుంది, అంచులు గుండ్రమైపోతాయి. "మా అన్నయ్య ఇచ్చినప్పుడు ఇంత అందంగా లేదే అమ్మాయ్" అని అత్తగారు ఆ ఎరుపునే వేలితో తడిమి చూసుకుంటారు. ఆ ముదురు రంగుని నేనైతే లోపం అనుకోను. నిజమైన రోజ్ గోల్డ్‌కి వయసు అలాగే వస్తుంది.

ఇక మనలో చాలామంది కొనేది ఇది కాదు. ఐదు వేలకో పదిహేను వేలకో వచ్చే రోజ్ గోల్డ్ వాచీ స్టీలు మీదో ఇత్తడి మీదో వేసిన పూత. ఈ పూతలో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి పాత పద్ధతి, ద్రావణంలో ముంచి కరెంటు పెట్టి బంగారం ఎక్కించడం. మన వన్ గ్రామ్ గోల్డ్ నగలు ఎలా వస్తాయో తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదు. రెండోది పీవీడీ. గాలి తీసేసిన గదిలో టైటానియం, జిర్కోనియం లాంటి లోహాల్ని ఆవిరి చేసి, వాటి సమ్మేళనాన్ని స్టీలు మీద పలచని పొరగా పట్టిస్తారు. పీవీడీ పొర స్టీలు కంటే గట్టిది. కానీ చాలావాటిలో మందం రెండు మూడు మైక్రాన్లు దాటదు, మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. పూతల్లో రాగి బిందెలా ముదరడం కంటే అరగడమే ఎక్కువ. అరిగినచోట కింద ఉన్న లోహం బయటపడుతుంది. అది స్టీలైతే తెల్లగా కనిపిస్తుంది. ఇత్తడైతే పసుపుగా కనిపించి, చెమట తగిలితే కిలుము పట్టి మణికట్టు మీద ఆకుపచ్చటి మరక చేస్తుంది.

ఎక్కడ ముందు అరుగుతుందో చూడాలంటే మా చెల్లెలి వాచీ చూపిస్తాను. తను మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. రోజంతా చెయ్యి లాప్‌టాప్ అంచు మీదే. చైన్ కింద బకిల్ ముందు తెల్లబడింది. తర్వాత గాజులు రాసుకునే వైపు కేస్ అంచు. వాచీ, గాజులు ఒకే చేతికి వేసుకునేవాళ్ళందరికీ ఇదే వరస. డయల్ చుట్టూ పైభాగం మాత్రం ఇప్పటికీ కొత్తదిలాగే ఉంది.

తను దాన్ని తీసుకెళ్ళి ఇంటి దగ్గర ఒక షాపులో ఇస్తే, మెరుగు పెడతామని చక్రం మీద పట్టారు. సాయంత్రానికి సగం కేస్ తెల్లటి స్టీలైపోయింది. నాకు ఇప్పటికీ బాధగా ఉంది. ఆ వాచీని తన మొదటి జీతంతో కొనుక్కుంది. పూత వాచీని చక్రం మీద పెట్టకూడదని తెలియకుండా వాచీలు బాగుచేసే కౌంటర్ ఎలా నడుపుతారు? తర్వాత కోఠీలో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాం. కంటికి భూతద్దం పెట్టుకుని ఒక్క నిమిషం చూసి, "అమ్మా, బంగారం అయితే మెరుగు పెట్టొచ్చు. ఇది సోనే కా పానీ, ఉత్త పూత. రుద్దితే పోవడమే తప్ప రావడం ఉండదు" అన్నారు. మళ్ళీ పూత వేయించొచ్చా అని అడిగాం. కరెంటు పూత వేయించొచ్చుగానీ రంగు పాతదానితో కలవదని, పీవీడీ అయితే బయట కౌంటర్లలో అయ్యే పని కాదని చెప్పారు. డబ్బులు తీసుకోలేదు.

అల్యూమినియం వాచీల సంగతి వేరు. ఆపిల్ 2015లో తెచ్చిన రోజ్ గోల్డ్ రంగు అల్యూమినియం వాచీ లాంటివాటిలో బంగారమూ లేదు, రాగీ లేదు. అల్యూమినియం పైపొరలో రంగు ఇంకించి మూస్తారు, అంతే. గీత పడితే వెండిలా కనిపిస్తుంది.

మన ఊరి ఎండాకాలంలో మణికట్టు ఎప్పుడూ తడిగానే ఉంటుంది కాబట్టి, ఇంటికి రాగానే మెత్తటి పొడి గుడ్డతో తుడవడం ఒక్కటి అలవాటు చేసుకుంటే చాలు. సెంటు ముందు కొట్టుకుని, ఆరాక వాచీ పెట్టుకోవాలి. బాత్‌రూమ్ యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ పట్టుకునే ముందు తీసేయాలి. చింతపండు, టూత్‌పేస్ట్, రాగి పాత్రలు తోమే పొడి వీటిని పూత వాచీకి అసలు తగలనివ్వకండి.

కొనేటప్పుడు వెనక "స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్" అని ఉంటే సంతోషపడిపోవద్దు. వెనక మూత స్టీలు అని మాత్రమే దానర్థం, కేస్ వేరే లోహం కావచ్చు. కేస్ కూడా స్టీలేనా అని విడిగా అడగండి. పూత పీవీడీనా, మామూలు ప్లేటింగా అని కూడా అడగండి. పాత స్విస్ వాచీలయితే వెనక 10 మైక్రాన్లు, 20 మైక్రాన్లు అని చెక్కి ఉంటుంది, అది బంగారు పూత మందం. అది ఇప్పటి పూతల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, అందుకే మన తాతల వాచీలు అంతకాలం మెరిశాయి. నిజమైన బంగారు వాచీ అంటే మాత్రం ఇంకో జాగ్రత్త కావాలి. నగలకి 2021 జూన్ నుంచి హాల్‌మార్కింగ్ తప్పనిసరి చేసినప్పుడు వాచీలని అందులోంచి మినహాయించారు. కాబట్టి కేస్ మీద 750 ముద్ర కళ్ళారా చూసి, ఎన్ని క్యారెట్లో బిల్లు మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి.