ఆరో ఏటి పన్ను

గురువారం, రాత్రి తొమ్మిదిన్నర

ఇవాళ బడిలో గుడ్డు పెట్టే రోజు. గుడ్డు ఉందంటే మా పిల్లలు పది నిమిషాల ముందే లైను కడతారు. మూడో తరగతి పిల్ల ఒకతి మాత్రం తన గుడ్డును వేళ్లతో చిదిమి, పప్పుచారు అన్నంలో కలిపేసి, ఎడమ బుగ్గన పెట్టుకుని మెల్లగా నములుతోంది.

"ఏమైందే?" అంటే తల అడ్డంగా ఊపింది. నోరు తెరిపించి ఫోన్ లైటు వేసి చూశాను. కుడివైపు కింద, చివరి పన్ను నడుమ నల్లటి గుంట. మిరియపు గింజ పట్టేంత ఉంది. అందులో బిస్కెట్ పిండి ఇరుక్కుని ఉంది. పొద్దున తిన్నదట.

వంట చేసే ఆమె తొంగి చూసి "నీళ్లు గసొంటియి టీచర్, మన జిల్లా పండ్లే గంత" అంది. నల్లగొండలో ఇదొక అలవాటు. ఏ పన్ను ఎందుకు చెడినా ఫ్లోరైడ్ ఖాతాలో రాసేస్తాం. నేనూ మర్రిగూడ వైపు పుట్టినదాన్నే. నా ముందుపళ్ల మీది గోధుమరంగు చారలు చూసి పెళ్లిచూపుల్లో ఎవరేమన్నారో ఇప్పుడెందుకులే. ఆ చారలు వేరు. పన్ను ఇంకా చిగురు లోపల తయారవుతున్న ఏళ్లలో, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటితే పైపొర సరిగ్గా కట్టదు. పన్ను మచ్చలతోనే బయటికొస్తుంది. ఈ గుంట అలా వచ్చింది కాదు, తర్వాత తవ్వుకుంటూ పోయింది. నోట్లోని సూక్ష్మజీవులు తీపి తిని ఆమ్లం వదులుతాయి, అది పన్నును కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. ఎంత తీపి తిన్నారన్న దానికన్నా, రోజుకు ఎన్నిసార్లు తిన్నారన్నదే అసలు దెబ్బ.

బడి వదిలాక పిల్లతో పాటు తండాకు నడిచాను. అమ్మానాన్న హైదరాబాద్‌లో బిల్డింగ్ పనికి పోయారు, పిల్లలిద్దరూ నానమ్మ దగ్గర. ఆమె పత్తి ఏరి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది.

"పాలపన్నే గద టీచరమ్మా, ఊడిపోతది తియ్. పురుగు వట్టింది. వాకుడు గింజల పొగ వెడితే రాలుతది."

చిక్కంతా అక్కడే. అది పాలపన్ను కాదు. ఆరేళ్ల వయసులో, పాలపళ్లన్నిటికీ వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే ఒక దవడపన్ను మొలుస్తుంది. పన్ను ఊడితేనే కదా ఇంటి మీదికి విసిరే సంబరం! ఇది చడీచప్పుడు లేకుండా వస్తుంది కాబట్టి ఇంట్లో ఎవరూ పట్టించుకోరు, ఆ 20 పాలపళ్లలో ఒకటి అనుకుంటారు. పోతే మళ్లీ రాదు. ఆమెకు పాఠం చెప్పానుగానీ, మా చిన్నోడికి పన్ను పీకించిన రోజు దాకా నాకూ తెలియదు.

"నా పండ్లు జూడు, యాపపుల్ల తప్ప ఏం ఎరగవు" అని నవ్వింది. పచ్చబారినా అన్నీ ఉన్నాయి. ఆమె చిన్నప్పుడు పొద్దున్నే జొన్నరొట్టె, కారం. తండాలో దుకాణం లేదు. ఇప్పుడు గడప దాటితే అయిదు రూపాయల ప్యాకెట్లు దండల్లా వేలాడుతున్నాయి. చీకటితోనే పత్తికి పోయే మనిషి రొట్టెలు ఎప్పుడు కొట్టాలి? చాయ్, బిస్కెట్ ఇచ్చి పోతుంది. పడుకునే ముందు మళ్లీ అదే. ఏమనడానికీ నాకు నోరు రాలేదు.

శనివారం దేవరకొండ దవాఖానకు పొమ్మంటే కూలి లెక్క వేసుకుంది. "నేనే తీసుకుపోతా" అన్నాను. రెండో శనివారం, నాకు బడి లేదు. బస్సులో ఎలాగూ ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. ఆమె లోపలికి పోయి, ప్లాస్టిక్ కవర్లోంచి పిల్ల ఆధార్ కార్డు తీసి నా చేతిలో పెట్టింది.

పిల్ల తలుపు వెనక నుంచి "సూది ఇస్తరా టీచర్?" అంది. "ఇస్తారేమో" అన్నాను. అబద్ధం ఎందుకు.

తిరిగి వస్తుంటే నా బీరువాలోని చాక్లెట్ల డబ్బా గుర్తొచ్చింది. ఎక్కం తప్పు లేకుండా అప్పజెప్పిన వాళ్లకు ఒకటి. ఈ పిల్లకు పదమూడో ఎక్కం దాకా వచ్చు.

మళ్లీ బడికి పోయి, తాళం తీసి, డబ్బా సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. ఇక్కడ మా చిన్నోడి కంట పడకుండా ఎక్కడ పెట్టాలో తెలియక, ప్రస్తుతానికి బియ్యం డ్రమ్ము వెనక దాచాను.