మనవాడే కదా అన్నందుకు

"స్పెన్సర్ లెనియు కూడా సరిగ్గా ఇదే మాట అన్నాడు నాన్నా" అని కారు వెనక సీట్లోంచి మా పద్నాలుగేళ్ళ అబ్బాయి అన్నప్పుడు, నేను వాడికి ఇచ్చిన సలహా ఎంత పెద్దమనిషి తరహాగా ఉందోనని లోలోపల మురిసిపోతూ ఉన్నాను. మేముండేది ఆస్ట్రేలియాలో, రగ్బీ ప్రాక్టీసు ముగించుకుని వస్తున్నాం. చీకటి పడుతున్న వేళ జట్టులోని ఒక పిల్లవాడు మా వాడి రంగు చూసి, లైట్లు వెయ్యకపోతే నువ్వు నవ్వితే తప్ప కనపడవు అన్నాడట, అందరూ నవ్వారట. అన్నవాడు తెల్లపిల్లవాడు కాదు, పసిఫిక్ దీవులవాడూ కాదు. మాకు బాగా తెలిసిన తెలుగు కుటుంబంలోని పిల్లవాడు, మా వాడికన్నా కాస్త తెలుపు. అందువల్లనే నేను, "వాడు మనవాడే కదరా, ఆటలో అన్న మాటను ఆటలోనే వదిలెయ్యాలి" అని తేల్చేశాను.

లెనియు సంగతి నాకు తెలియనిది కాదు. 2024 మార్చిలో ఎన్‌ఆర్‌ఎల్, అంటే జట్టుకు పదమూడు మంది చొప్పున ఆడే రగ్బీ లీగ్‌లో ఆస్ట్రేలియాకు అన్నిటికన్నా పెద్దదైన పోటీ, తన సీజన్‌ను మొట్టమొదటిసారిగా అమెరికాకు తీసుకువెళ్ళి లాస్ వేగాస్‌లో ప్రారంభించింది. 40 వేలమందికి పైగా జనం వచ్చారు. మన ఆట అమెరికావాళ్ళకు ఎక్కుతుందా లేదా అని నేను తెగ ఆరాటపడ్డాను. ఒకప్పుడు ఈ ఆటలో బంతిని ముందుకు విసరకూడదన్న సంగతి కూడా తెలియని నాకు ఇది 'మన ఆట' ఎప్పుడైందో మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది. ఆ రోజు సిడ్నీ రూస్టర్స్ ఆటగాడు లెనియు, బ్రిస్బేన్ బ్రాంకోస్ ఆటగాడు ఎజ్రా మామ్‌ను కోతి అని తిట్టాడు. మామ్ ఆస్ట్రేలియా మూలవాసుల సంతతివాడు. లెనియు సమోవా సంతతివాడు. మామ్ ఊరుకోకుండా ఫిర్యాదు చేశాడు. రూస్టర్స్ 20-10తో గెలిచాక టీవీవాళ్ళు మైక్ పెట్టి అడిగితే, అదంతా సరదాకేనని, మైదానంలో అన్నది మైదానంలోనే ఉండిపోతుందని లెనియు నవ్వుతూ చెప్పాడు. ఆ తరువాత క్షమాపణ చెప్పాడు, విచారణలో నేరం ఒప్పుకున్నాడు, 8 మ్యాచ్‌ల నిషేధం అనుభవించాడు.

విచారణలో అతను చెప్పుకున్న సమాధానం మరొకటి ఉంది. ఒక గోధుమరంగు మనిషి ఇంకొక గోధుమరంగు మనిషితో ఏదో అన్నట్టుగానే తాను భావించానని, అది జాతి దూషణ అవుతుందని అనుకోలేదని అన్నాడు. పత్రికల్లో చదివినప్పుడు, దొరికిపోయినవాడు చెప్పే సాకు ఇలాగే ఉంటుందని నేను మావాడికి వివరంగా బోధించాను. మామ్ అంటే మావాడికి ప్రాణం. 2023 గ్రాండ్ ఫైనల్లో బ్రాంకోస్ పెన్రిత్ చేతిలో 26-24తో ఓడిపోయినా, అందులో మామ్ మూడు ట్రైలు చేశాడు, అంటే బంతిని మూడుసార్లు అవతలి గీత దాటించి నేలకు ఆనించాడు. ఆ మ్యాచ్ చూసినవాళ్ళెవరికైనా అతని మీద ఇష్టం కలుగుతుంది. కాబట్టి అప్పుడు న్యాయం ఎవరి పక్షాన ఉందో తేల్చడానికి మాకు ఎక్కువ సేపు పట్టలేదు. మైదానం మాట, మనవాడు మాట, లెనియు చెప్పిన రెండు సమాధానాలనూ కలిపి ఒకే వాక్యంలో నేను నా కొడుక్కు ఇచ్చానని వాడు కారులో పట్టుకున్నాడు.

ఇక్కడ నా చరిత్ర కొంత చెప్పాలి, ఎందుకంటే మావాడికి అదీ తెలుసు. 2008 జనవరిలో సిడ్నీ టెస్టులో ఆస్ట్రేలియా క్రికెటర్ ఆండ్రూ సైమండ్స్‌ను హర్భజన్ సింగ్ కోతి అన్నాడని ఆరోపణ వచ్చి మూడు టెస్టుల నిషేధం పడినప్పుడు, మైదానంలో సవాలక్ష అనుకుంటారు, బయటికి మోసుకురావడమేమిటని వాదించినవాళ్ళలో నేనూ ఉన్నాను. అప్పీలులో జాతి దూషణ ఆరోపణ నిలవలేదు, నిషేధం పోయింది, సగం మ్యాచ్ ఫీజు జరిమానాతో సరిపెట్టారు. మేము పండగ చేసుకున్నాం. అంతకు కొద్ది నెలల ముందే వడోదరలోనూ ముంబైలోనూ జనం సైమండ్స్‌ను చూసి కోతి కూతలు కూసిన సంగతిని మాత్రం మాలో ఎవరూ ప్రస్తావించలేదు. అదే ఏడాది డెక్కన్ చార్జర్స్ 13.5 లక్షల డాలర్లు పెట్టి అతణ్ణి హైదరాబాదు జట్టులోకి కొనుక్కుంటే, ఒక్కసారిగా అతను మావాడైపోయాడు. 2021 జనవరిలో అదే సిడ్నీ మైదానంలో గ్యాలరీలోంచి తనను జాతి పేరుతో దూషిస్తున్నారని మహమ్మద్ సిరాజ్ ఆట ఆపించి అంపైర్లకు చెప్పి, ఆరుగురు ప్రేక్షకులను బయటికి పంపించినప్పుడు, మగవాడంటే అలా ఉండాలి, మన హైదరాబాదీ అని నేను ఇంట్లో ఉపన్యాసం ఇచ్చాను. మావాడు ఆ ఉపన్యాసం మరిచిపోలేదు.

తోటి తల్లిదండ్రులకు ఒక సలహా ఇద్దామన్న ఉద్దేశంతో ఇది మొదలుపెట్టాను: పిల్లవాడు ఇలాంటి మాట మోసుకుని ఇంటికి వస్తే ముందు పూర్తిగా వినండి, ఎవరన్నారని తరువాత అడగండి. సలహా మంచిదే. కానీ నేను ముందు అడిగిందే ఎవరన్నారని. తెల్లపిల్లవాడని చెప్పి ఉంటే ఆ రాత్రే క్లబ్బువాళ్ళకు ఘాటుగా ఈమెయిల్ వెళ్ళేది, అందులో ఎన్‌ఆర్‌ఎల్ వేసిన 8 మ్యాచ్‌ల నిషేధం ప్రస్తావన కూడా ఉండేది. టోంగా పిల్లవాడో మూలవాసి పిల్లవాడో అయితే ఏం చేసేవాణ్ణో నాకు స్పష్టంగా తెలియదు, బహుశా కాస్త గొంతు తగ్గించి రాసేవాణ్ణి. తెలుగు పిల్లవాడని తెలిసేసరికి అది ఫిర్యాదు కాకుండా పోయి, పెద్దరికంగా సర్దిచెప్పవలసిన విషయమైపోయింది.

ఓడిపోతున్నప్పుడు అందరూ చేసే పనే నేనూ చేశాను, వాదనను పక్కకు మళ్ళించాను. ఈ లీగ్ దగ్గరా మనం నీతులు నేర్చుకునేది అన్నాను. ఒక మనిషిని అవమానించినందుకు 8 మ్యాచ్‌లు; అదే 2025లో ఆర్360 అనే పోటీ సంస్థ డబ్బు చూపించి ఆటగాళ్ళను లాక్కుపోతుందన్న భయం పట్టుకోగానే, అక్కడ సంతకం చేసినవాళ్ళకు 10 ఏళ్ళ నిషేధమని ప్రకటించారు. జాతి గౌరవానికీ వ్యాపారానికీ మధ్య వాళ్ళ తూకం ఎటు మొగ్గుతుందో ఇంతకన్నా చెప్పేదేముంది? లెనియు కూడా నిషేధం ముగించుకుని 2024 జూన్‌కల్లా న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర జట్టులో ఆడాడు. అంతటితో ఆగినా బాగుండేది, నేను మామ్ జోలికి కూడా వెళ్ళాను. 2024 అక్టోబరులో అతను లైసెన్సు లేకుండా, మాదకద్రవ్యం ఒంట్లో ఉండగా కారు నడిపి బ్రిస్బేన్‌లో ఒక క్యాబ్‌ను గుద్దాడు, అందులో ఉన్న చిన్నపిల్ల గాయపడింది. కోర్టు 850 డాలర్ల జరిమానా వేస్తే ఇంతేనా అని జనం మండిపడ్డారు, తరువాత 9 మ్యాచ్‌ల నిషేధం పడింది. నీ హీరో ఇలాంటివాడు చూడు అన్నాను.

"అతను కారు గుద్దాడని, లెనియు అన్నది ఒప్పైపోతుందా?" అని మావాడు అడిగాడు. వాడు ఆ ప్రమాదం వార్త వచ్చిన రోజు మామ్ పోస్టరును గోడ మీంచి తీసేశాడు, ఎవరూ చెప్పకుండానే. తిట్టు పడ్డవాడి వైపు నిలబడడానికి అతను మంచివాడై ఉండనవసరం లేదన్న సంగతి వాడికి తేలికగా అర్థమైంది. నాకు మాత్రం బాధితుడంటే సిరాజ్‌లాగా ఉండాలి: పేదింటి కొడుకు, ఆటోడ్రైవరు బిడ్డ, తండ్రి పోయినా దేశం కోసం ఆగిపోయి ఆడినవాడు. లేకపోతే నా సానుభూతికి ఊపిరాడదు.

ఎన్‌ఆర్‌ఎల్ ఆటగాళ్ళలో దాదాపు సగం మంది పసిఫిక్ దీవుల మూలాలున్నవాళ్ళే. 2028లో పాపువా న్యూగినీ జట్టు కూడా చేరుతోంది. నా ఆలోచన అంతా గ్యాలరీల గురించి. 2023 మార్చిలో పెన్రిత్ మైదానంలో మూలవాసి ఆటగాడు లాట్రెల్ మిచెల్‌ను జాతి పేరుతో దూషించింది ఎవరా అని చూస్తే పదిహేనేళ్ళ కుర్రవాడని తేలింది. అప్పట్లో ఆ వార్త నేను మిచెల్ తండ్రి స్థానంలో నిలబడి చదివాను. ఈ మధ్య ఆ కుర్రవాడి తండ్రి గుర్తొస్తున్నాడు. ఆ పిల్లవాడికి ఆ మాట ఎక్కడ దొరికి ఉంటుందని పదిమందీ ఆ ఇంటి వైపు చూసి ఉంటారు.

మా ఇంటి వైపు చూస్తే వాళ్ళకు వినపడేవి ఇవి. ఊరినుంచి వీడియో కాల్‌లో మా అమ్మ మనవణ్ణి చూడగానే, "ఎండలో పడి ఆడి నల్లబడిపోయాడు బంగారుతండ్రి, ఆ ఆట మాన్పించరా" అంటుంది. నేను నవ్వుతాను. పుట్టినప్పుడు ఎంత తెలుపో అని ఫొటోలు చూపిస్తాను. ఇక్కడి స్నేహితుల ఇళ్ళలో ఆడపిల్లకు సంబంధం మాట వస్తే చదువు కన్నా ముందు రంగు మాట వస్తుంది, నేనూ తల ఊపుతాను. ఆ తెలుగు పిల్లవాడు లైట్ల జోకు మైదానంలో కొత్తగా కనిపెట్టి ఉండడు. మా అందరి డ్రాయింగ్ రూముల్లో కూర్చునే విని ఉంటాడు. అలాంటప్పుడు నేను వాళ్ళ నాన్నకు ఫోన్ చేసి ఏమని చెప్పాలి?

అయినా చేశాను. చాలాసేపు మాట్లాడుకున్నాం. వాళ్ళ అమ్మగారి వీసా సంగతి, ఇంటి అప్పు మీద వడ్డీ, ఈసారి బ్రాంకోస్ ఫార్వర్డ్‌లు ఎలా ఉన్నారన్నది, అన్నీ వచ్చాయి. పిల్లల మధ్య ఏదో చిన్న మాట పడిందట అని నేను అంటే, "ఆటలో మామూలే అన్నగారూ, మనవాళ్ళు మనవాళ్ళు" అని ఆయన నవ్వారు. అవతల నేనే మాట్లాడుతున్నట్టు అనిపించి, నేనూ నవ్వేశాను. ఫోన్ పెట్టేముందు ఆదివారం సత్యనారాయణ వ్రతానికి అందరూ తప్పకుండా రావాలని ఆయన పిలిచారు.

మా ఆవిడ ఇదంతా పక్కనే కూర్చుని విన్నది, ఏమీ అనలేదు. మావాడు తాను రానని చెప్పేశాడు. ఆ పిల్లవాడు వచ్చి తనతో మాట్లాడితే వస్తానని, వాళ్ళ నాన్న వచ్చి నాతో మాట్లాడితే లెక్కలోకి రాదని షరతు కూడా పెట్టాడు. రాకపోతే వాళ్ళు ఏమనుకుంటారో అన్నది నా బెంగ. వస్తే వాడు నా గురించి ఏమనుకుంటాడన్నది మా ఆవిడ బెంగ అట. వాడికి జ్వరమని చెబుదామా అని నిన్న రాత్రి అడిగాను, ఇద్దరూ సమాధానం చెప్పలేదు.