ప్లేస్టేషన్ గేమ్ సీడీ నుంచి సంగీతం బయటికి తీయడం: నా అనుభవం

మొదటి తరం ప్లేస్టేషన్ సీడీని నేను మొదట ఐఎస్ఓగా (డిస్క్‌లోని ఫైళ్లను ఒకే ఫైలుగా ఉంచే మామూలు నకలు) కాపీ చేశాను. ఫైళ్లన్నీ కనిపించాయి కానీ పాటలు, మాటలు ఉండే ఎక్స్‌ఏ ఆడియో ఫైళ్లు ఏ ప్లేయర్‌లోనూ పలకలేదు. ఐఎస్ఓ ఒక్కో సెక్టార్ (సీడీలో డేటాను విడదీసి రాసే చిన్న ముక్క) నుంచి 2048 బైట్లే ఉంచుకుంటుంది. ఎక్స్‌ఏ ఆడియో సెక్టార్‌లో డేటాయే 2324 బైట్లు. ఆ సెక్టార్ ఏ ఛానెల్‌దో, స్టీరియోనో మోనోనో చెప్పే 8 బైట్ల సబ్‌హెడర్ కూడా ఐఎస్ఓలోకి రాదు. అలా పోయినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. డిస్క్ మళ్లీ పెట్టి, సెక్టార్‌కు 2352 బైట్ల చొప్పున బిన్/క్యూగా (బిన్‌లో డిస్క్ డేటా, క్యూలో ట్రాకుల వివరాలు) చదివించాల్సిందే.

లినక్స్‌లో సీడీఆర్‌డీఏఓ (cdrdao) అనే సీడీ కాపీ ప్రోగ్రామును రా పద్ధతిలో, అంటే సెక్టార్లను ఉన్నవున్నట్టు చదివేలా, వాడాను. ముందు డిస్క్‌ను మెత్తటి పొడిగుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తుడవాలి, గుండ్రంగా తిప్పుతూ కాదు. తక్కువ వేగంతో రెండుసార్లు చదివించి, రెండు బిన్‌ల ఎండీ5 విలువలు (ఫైల్లోని డేటా నుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్యలు) పోల్చాను. తేడా వస్తే ఎక్కడో సరిగా చదవలేదన్నమాట.

తర్వాత క్యూ ఫైలు తెరిచి చూడాలి. ట్రాక్ 2 నుంచి ఆడియో అని ఉంటే పని సులువు, అవి మామూలు సీడీ పాటలే: 44100 హెర్ట్జ్, 16 బిట్లు, స్టీరియో. క్యూలోని సమయం నిమిషాలు, సెకన్లు, ఫ్రేములుగా ఉంటుంది, సెకనుకు 75 ఫ్రేములు. బిన్ ఒక్కటే అయితే 02:30:00 అంటే 11250వ ఫ్రేము. ఒక ఫ్రేము అంటే ఒక సెక్టారే కాబట్టి దాన్ని 2352తో గుణిస్తే 2,64,60,000వ బైటు దగ్గర కోయాలి. కోసిన ముక్కను ఎఫ్ఎఫ్ఎంపెగ్ (ffmpeg) అనే ఆడియో మార్పిడి ప్రోగ్రాముకి ఇస్తే వేవ్ (WAV) ఆడియో ఫైలు వస్తుంది. పాట బదులు చెవులు పగిలే బరబర శబ్దం వస్తే ఫైలు పాడైందనుకోకండి. సీడీఆర్‌డీఏఓ తీసిన ఆడియోలో ప్రతి శాంపిల్‌లోని రెండు బైట్లు తారుమారుగా ఉంటాయి. ఇన్‌పుట్ 16 బిట్ల బిగ్ ఎండియన్ (పెద్ద విలువ బైటు ముందుండే క్రమం) అని ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కి చెబితే సరిపోతుంది.

అసలు శ్రమ ఎక్స్‌ఏ దగ్గరే. డ్రైవ్ రెట్టింపు వేగంలో సెకనుకు 150 సెక్టార్లు చదువుతుంది. 37800 హెర్ట్జ్ స్టీరియోకి అందులో 18.75 చాలు, అంటే ప్రతి ఎనిమిదింటిలో ఒకటి. మిగిలిన ఏడు చోట్లా వేరే పాటలు సర్దుతారు. అందుకే ఫైలును వరసగా డీకోడ్ చేస్తే ఎనిమిది పాటల ముక్కలు కలగాపులగంగా వినిపిస్తాయి. ఛానెల్ నంబరు చూసి విడదీయాలి. ఆ పని జేపీఎస్ఎక్స్‌డెక్ (jPSXdec) అనే ప్రోగ్రాము చక్కగా చేస్తుంది. జావా ఉండాలి. బిన్ తెరిస్తే మొత్తం వెతికి, దొరికిన ఆడియోను ఛానెల్ వారీగా జాబితాలో చూపిస్తుంది. కావలసినవి ఎంచుకుని వేవ్‌గా సేవ్ చేయవచ్చు. చేత్తో డీకోడ్ చేసేవాళ్లు ఒకటి గమనించాలి: కొన్ని ఛానెళ్లు 18900 హెర్ట్జ్‌లో ఉంటాయి. వాటిని 37800 అనుకుంటే మాటలు రెట్టింపు వేగంతో కీచుమంటాయి.

చిన్న శబ్దాలు వ్యాగ్ (VAG) అనే కుదించిన ఆడియో రూపంలో ఉంటాయి, 16 బైట్లకు 28 శాంపిళ్లు. మొదట్లో వివరాలు చెప్పే హెడర్ ఉన్నవాటిని వీజీఎంస్ట్రీమ్ (vgmstream) అనే ప్రోగ్రాము నేరుగా వేవ్ చేస్తుంది.

ఇంత వెతికినా కొన్ని గేముల్లో నేపథ్య సంగీతం దొరకదు, ఎందుకంటే అది రికార్డింగే కాదు. సెక్ (SEQ) ఫైల్లో స్వరాలు, వ్యాబ్ (VAB) ఫైల్లో వాయిద్యాల శాంపిళ్లు ఉంటాయి. ఒకేసారి 24 శబ్దాలు పలికించగల సౌండ్ చిప్ వాటిని అప్పటికప్పుడు వాయిస్తుంది. ఇలాంటి చోట గేమును ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లో ప్లేస్టేషన్‌ను అనుకరించే ప్రోగ్రాము) నడిపించి రికార్డు చేయడమే తేలిక దారి.

దాచుకోవడానికి, నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్ (FLAC) ఆడియో రూపాన్ని మించింది లేదు, 37800 హెర్ట్జ్‌ను ఉన్నదున్నట్టు ఉంచుతుంది. ఎంపీ3లో ఆ రేటు లేదు కాబట్టి 44100కి మార్చాలి. పైగా ఎంపీ3 పాటకు ముందూ వెనకా కొంచెం నిశ్శబ్దం చేరుస్తుంది, ఆగకుండా తిరగాల్సిన పాట ప్రతి చుట్టుకూ చిన్నగా తెగుతుంది.