నాన్న ఎక్స్‌పీ మళ్లీ లేచింది

ఆదివారం, రాత్రి పదిన్నర

పొద్దున ఆరింటికే సిస్టమ్ ముందు కూర్చున్నా. మూఢం వెళ్లిపోయింది, ఫాల్గుణంలో ముహూర్తాలున్నాయి, రేపటి నుంచి నాన్నకి శుభలేఖల పని మొదలైపోతుంది, ఆ తర్వాత ఇంక సిస్టమ్‌ని ఎవర్నీ ముట్టుకోనివ్వరు, అందుకని సిస్టమ్‌లో ఉన్న లైనక్స్‌ని, అదే డెబియన్‌ని, 12 నుంచి 13 కి మార్చే పని ఇవాళే పెట్టుకున్నా. 12 కి మామూలు సెక్యూరిటీ సపోర్ట్ 2026 జూన్ దాకానే, సీజన్ మధ్యలో ఈ పని నెత్తిన పడకూడదని.

నా భయమంతా డెబియన్ గురించి కాదు, దాని లోపల వర్చువల్‌బాక్స్‌లో, అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో, ఉన్న పాత విండోస్ ఎక్స్‌పీ గురించి. మా తెనాలి షాపులో పనంతా ఇప్పటికీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, అనూ తెలుగు ఫాంట్ల మీదే. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది, అందుకే దానికి నెట్ ఇవ్వలేదు, నెట్‌వర్క్ అడాప్టర్ ఆపేసి ఒక్క షేర్డ్ ఫోల్డర్ మాత్రం పెట్టా, నాన్న లోపల పీడీఎఫ్ చేసి అందులో వేస్తే బయట నుంచి నేను ప్రెస్సుకి పంపిస్తా. వేరే సాఫ్ట్‌వేర్‌కి మారిపోవచ్చుగా అని చాలామంది అంటారు. అనూ యూనికోడ్ కాదు కదా, ఇంగ్లిష్ అక్షరాలుండే చోట తెలుగు ముక్కలు పెట్టిన ఫాంట్, గుడి ఒక ముక్క, వత్తు ఒక ముక్క, ఆ ఫాంట్ లేని చోట ఫైల్ తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులే. కన్వర్టర్లు ఉన్నాయి, అక్షరాల్ని మారుస్తాయి, కానీ నాన్న కూర్చిన పేజీ, ఆ బోర్డరు, పైన వినాయకుడు, ఇవేవీ వాటితో రావు. ఇన్నేళ్ల పని ఆ ఒక్క వీడీఐ ఫైల్లో, అంటే ఎక్స్‌పీకి హార్డ్ డిస్క్‌లా పనిచేసే ఫైల్లో, ఉంది, 22 జీబీ.

అందుకే ముందు ఎక్స్‌పీని స్టార్ట్ మెనూ నుంచి పూర్తిగా షట్‌డౌన్ చేశా. నాన్నకి రోజూ సేవ్ స్టేట్ పెట్టి, అంటే నడుస్తున్నది నడుస్తున్నట్టే దాచి, మూసేయడం అలవాటు, మామూలు రోజుల్లో అది బానే ఉంటుంది, కానీ పాత వెర్షన్లో దాచిన ర్యామ్‌ని కొత్త వెర్షన్ ఒప్పుకుంటుందన్న గ్యారంటీ లేదు. తర్వాత మెషీన్ ఫోల్డర్ మొత్తం బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, చెక్‌సమ్ తీసి రెండూ ఒకటేనని చూసుకున్నా. వీడీఐ ఒక్కటే కాపీ చేసుకుంటే చాలదు, దాని పక్కనే డాట్ వీబాక్స్ అని చిన్న ఫైల్ ఉంటుంది, ఎంత ర్యామ్, ఏ డిస్క్ కంట్రోలర్, నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రస్ ఏంటి, అన్నీ అందులోనే. అది పోగొట్టుకుని కొత్త మెషీన్ చేసి పాత డిస్క్ తగిలిస్తే ఎక్స్‌పీ ఇదేదో వేరే కంప్యూటర్ అనుకుని మళ్లీ యాక్టివేషన్ అడగొచ్చు.

అప్‌గ్రేడ్ మాత్రం గొడవ లేకుండా అయిపోయింది. సోర్సెస్ ఫైల్లో బుక్‌వర్మ్ (12 పేరు) ఉన్న చోటల్లా ట్రిక్సీ (13 పేరు) అని మార్చా, ఫుల్ అప్‌గ్రేడ్ కొట్టా, టిఫిన్ తినేసరికి రీబూట్‌కి వచ్చింది. లైనక్స్‌కి గుండెకాయలాంటి కెర్నల్ 6.1 పోయి 6.12 వచ్చింది.

ఇంక అసలు పని. వర్చువల్‌బాక్స్ తెరుచుకుంటోంది, ఎక్స్‌పీ లేవట్లేదు. కెర్నల్ మారితే వర్చువల్‌బాక్స్ మాడ్యూల్, అంటే కెర్నల్‌కి తగిలించే ముక్క, కొత్త కెర్నల్‌కి మళ్లీ కట్టుకోవాలి, అది తెలిసిందే, దానికి కావాల్సిన కెర్నల్ హెడర్స్ వేసి, నా దగ్గరున్న పాత 7.0 తీసేసి 7.2 వేశా. తీసేస్తున్నా అనగానే నాన్న కుర్చీ దగ్గరికి వచ్చేశారు.

"అది తీసేస్తే లోపల ఉన్నది పోదామ్మా?"

"పోదు నాన్నా, ఇది పెట్టె మాత్రమే. ఫైల్ వేరే చోట ఉంది, కాపీ కూడా ఉంది."

తలూపారు గానీ అక్కడి నుంచి కదల్లేదు. మాడ్యూల్ కట్టింది, లోడ్ అయింది, స్టార్ట్ నొక్కా, మళ్లీ ఎర్రర్, ఈసారి వేరేది, వీటీ-ఎక్స్‌ని, అంటే ఇలా లోపలి మెషీన్లు నడపడానికి ప్రాసెసర్‌లో ఉండే సౌకర్యాన్ని, వర్చువల్‌బాక్స్ లాంటిదే ఇంకో హైపర్‌వైజర్ వాడుకుంటోందని. నేనింకేం నడపట్లేదు! పదకొండు దాటింది, నాన్న ఏం అనకుండా నిలబడితే నాకు ఇంకా కంగారు.

కూర్చుని చదివితే తెలిసింది. లైనక్స్‌లో కేవీఎం అని సొంత వర్చువలైజేషన్ ఉంటుంది కదా, ఇదివరకు దాని మీద ఏదైనా మెషీన్ నడిపినప్పుడే ప్రాసెసర్ సౌకర్యాన్ని తీసుకునేది, 6.12 నుంచి మాడ్యూల్ లోడ్ అవగానే తీసేసుకుని కూర్చుంటోంది. దానివల్ల కేవీఎం మెషీన్లు త్వరగా లేస్తాయి, మంచికే చేశారు. కానీ ఆ సౌకర్యం ఒకసారికి ఒక్కరికే, వర్చువల్‌బాక్స్ వచ్చేసరికి తాళంచెవి ఇంకొకళ్ల దగ్గర ఉంటుంది. వర్చువల్‌బాక్స్ రిలీజ్ నోట్స్‌లో ఈ సంగతి రాసే ఉంది, నేను పొద్దున్నే చదవాల్సింది.

ముందు మోడ్‌ప్రోబ్ కమాండ్‌తో కేవీఎం ఇంటెల్ మాడ్యూల్ దింపేసి చూశా, ఎక్స్‌పీ లేచింది. కానీ అది రీబూట్ దాకానే. బ్లాక్‌లిస్ట్‌లో పెడితే శాశ్వతంగా పోతుంది గానీ నా ఆఫీసు పనికి కేవీఎం మీద ఇంకో మెషీన్ ఉంది, అది కూడా నడవాలి, కాబట్టి బూట్ సెట్టింగులుండే గ్రబ్ ఫైల్లో కెర్నల్ లైన్ చివర కేవీఎం డాట్ ఎనేబుల్ వర్ట్ ఎట్ లోడ్, మాటల మధ్య అండర్‌స్కోర్లతో, ఈక్వల్స్ 0 అని చేర్చి అప్‌డేట్-గ్రబ్ కొట్టా. ఇప్పుడు కేవీఎం పాత పద్ధతిలోనే ఉంటుంది, అవసరమైనప్పుడే తీసుకుంటుంది, రెండూ ఒకేసారి నడపకపోతే చాలు. రెండుసార్లు రీబూట్ చేసి చూశా, రెండుసార్లూ నల్ల స్క్రీన్ మీద ఆ నీలం గళ్లు కదిలాయి, ఆ స్టార్టప్ చప్పుడు వినగానే నాన్న "హమ్మయ్య, జరుగు" అని నన్ను లేపి కూర్చున్నారు.

కూర్చోగానే తెరిచింది 2012 నాటి ఫైల్. అప్పట్లో ఒక ఇంటివాళ్ల పెద్దబ్బాయి పెళ్లికి మేమే వేశాం, ఇప్పుడు చిన్నబ్బాయి పెళ్లి, అదే మోడల్ కావాలని నిన్న ఫోన్ చేశారు. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు, ఒక్క వత్తు కూడా చెదరకుండా వచ్చాయి, నేను పెదాలు కదుపుతూ ప్రతి లైనూ చదువుకున్నా. నాన్న వధూవరుల పేర్లు మార్చారు, ముహూర్తం మార్చారు, వేళ్లు కీబోర్డు చూడకుండానే పోతున్నాయి. ఆహ్వానించేవాళ్ల పేర్ల దగ్గర ఆగారు. అక్కడ మొదటి పేరు ఆ పిల్లల తాతగారిది.

"ఈయన పోయి నాలుగేళ్లయిందమ్మా."

ఆ లైన్ సెలెక్ట్ చేశారు, డిలీట్ నొక్కుతారనుకున్నా. కట్ చేసి, పేజీ పైకి వెళ్లి, వినాయకుడి కింద కాస్త చోటు చేసి, ముందు కీ.శే. అని కొట్టి ఆ పేరు అక్కడ పేస్ట్ చేశారు, దాని కింద "గారి దివ్య ఆశీస్సులతో" అని చిన్న అక్షరాల్లో. కింద ఖాళీ కనపడకుండా మిగతా పేర్లు కొంచెం పైకి జరిపారు.

సాయంత్రం ప్రూఫ్ పీడీఎఫ్ షేర్డ్ ఫోల్డర్లోకి వచ్చింది. వాళ్లకి పంపి, ఎక్స్‌పీని షట్‌డౌన్ చేయించి, ఇప్పుడు ఇంకో కాపీ పెట్టా, ఇది రాసేటప్పటికి పద్నాలుగు జీబీ అయింది.