కౌంటర్ మీదికొచ్చిన వాట్సాప్ చీటీ

నెల్లూరులో మాది చిన్న మెడికల్ షాపు. 2021 కరోనా రెండో వేవ్‌లో డాక్టర్ రాసిన చీటీలకన్నా వాట్సాప్ చీటీలే నా కౌంటర్ మీదికి ఎక్కువొచ్చాయి. సంతకం, తేదీ ఏమీ లేని తెల్లకాగితం ఫొటో. అజిత్రోమైసిన్, డాక్సీ, ఐవర్‌మెక్టిన్, జింకు, విటమిన్ సి. చేతులు మారీ మారీ అక్షరాలు అలుక్కుపోయి ఉండేవి. "జ్వరం ఎవరికి?" అంటే, "ఎవరికీ లేదన్నా, ఇంట్లో పడుంటాయి గదా" అనేవాళ్లు. ఎక్కువ తిరిగిన మెసేజీని ఒకసారికి ఒక్కరికే పంపేట్టు వాట్సాప్ 2020 ఏప్రిల్‌లోనే కట్టడి పెట్టింది. ఫొటోను మళ్లీ ఫొటో తీసి పంపేవాళ్లను ఏం చేస్తుంది?

టీకా దగ్గరికొచ్చేసరికి కథ తిరగబడింది. 45 దాటినవాళ్లందరికీ 2021 ఏప్రిల్ 1 నుంచి వేయడం మొదలుపెట్టారు. తమిళ హాస్యనటుడు వివేక్ ఏప్రిల్ 15న మద్రాసులో వేయించుకుని, 17న గుండెపోటుతో పోయారు. డబ్బింగ్ సినిమాల పుణ్యమా అని ఆయన మాకూ తెలిసిన మొహమే, మద్రాసేమో పక్కూరి లెక్క. టీకాకూ గుండెపోటుకూ సంబంధం లేదని డాక్టర్లు అప్పుడే చెప్పారు. అక్టోబరులో కేంద్ర కమిటీ కూడా అదే తేల్చింది. అక్టోబరు దాకా ఎవరాగుతారు? ఆ వారమే షాపులో "రెండు రోజులాగి చూద్దాంలే" మొదలైంది.

అట్లా ఆగినవాళ్లలో కొందరు మే నెలలో కృష్ణపట్నం పరిగెత్తారు, నాటువైద్యుడు ఆనందయ్య కరోనాకని ఇచ్చే మందు కోసం. మే 21న జనం వేలల్లో విరుచుకుపడ్డారు. మాస్కులు గడ్డాల కింద, టీవీ మైకులు వాళ్ల నోళ్ల ముందు. పంపిణీ ఆగింది. కంట్లో వేసే చుక్కలకు ఒప్పుకోకుండా, ఆయన మందుల్లో కొన్నిటికి ప్రభుత్వం మే 31న అనుమతిచ్చింది. వెళ్లినవాళ్లను మూర్ఖులని ఎగతాళి చేశారుగానీ నాకది నచ్చలేదు. డబ్బులు అడగలేదు, ఇచ్చే మనిషి ఎదురుగా కనిపిస్తున్నాడు, అందులో వేసే తేనె, మిరియాలు మనింట్లో ఉండేవే. ఆసుపత్రిలో బెడ్డు దొరక్క తిరిగినోడికి ఇంకేం కావాలి? నాకు కోపమొచ్చింది పొద్దస్తమానం దాన్నే లైవ్‌లో చూపించి, సాయంత్రం "ఇంత జనమా!" అని ఆశ్చర్యపోయిన చానళ్ల మీద.

నెలనెలా షుగర్ మాత్రలకొచ్చే పెద్దామె ఒకామె ఉంది. టీవీ పెట్టింది పెట్టినట్టే ఉంటుంది వాళ్లింట్లో. "ఆరుగురు కూర్చోని అరుచుకుంటన్నారు నాయనా, షుగరుండేవాళ్లు టీకా ఏపించుకోవచ్చో లేదో ఒక్కడూ చెప్పడే" అంది. వేయించుకోవచ్చు, మాత్రలు మానద్దు, అన్నం తినే వెళ్లమన్నా. నా మాట చాల్లేదు. వాళ్ల మనవడికి పోలియో చుక్కలేసిన ఏఎన్‌ఎమ్మునూ అడిగింది. ఆమె కూడా అదే చెప్పాక వెళ్లింది.

టీకా వేయించుకున్నాక జ్వరం మాత్ర డోలో కోసం వచ్చింది. కౌంటర్ దగ్గర మరో ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు.

"జ్వరం వచ్చిందా అక్కా?"

"వచ్చింది. చెయ్యి పైకి లేవలా. రాత్రికి తగ్గింది, పొద్దన్నే లేచి దోసెలు పోశా."

"యాడేస్తన్నారు?" అని ఒకామె అడిగింది.